పిక్క పట్టిన పదకొండేళ్లు

మొగులమ్మకు మొదటిసారి పిక్క పట్టింది నాట్లలోనే. తొంభై రెండు వానాకాలం. పాశమైలారం ఫ్యాక్టరీల దిగువన ఒక ఆసామి మడిలో పదిమంది ఆడవాళ్లు వంగి నాటు వేస్తుండగా, ఆమె కుడి పిక్క రాయిలా గడ్డకట్టింది. బురదలో కూలబడి కేక పెట్టింది. అందరికంటే ముందు నోరు చేసుకున్నది ఆమె అత్త సోమమ్మ.

“పని తప్పించుకునేటందుకు నాటకాలు! లే, నారు ఎండుతున్నది.”

సోమమ్మ నోటి సంగతి ఊరందరికీ తెలుసు. ఆమె చాదస్తమూ తెలుసు. నాటేసే ఆడవాళ్లంతా చీర మోకాళ్ల దాకా ఎగగట్టుకుంటే, ఆమె మాత్రం చీలమండల దాకా చీర వదిలేసి మడిలో దిగేది. పొద్దుగూకేసరికి చీర సగం బురదే. “దొరసానికి సిగ్గెక్కువ” అని తోటివాళ్లు ఆటపట్టించినా ఎన్నడూ ఎగగట్టలేదు.

పిక్క పట్టడం ఆ ఒక్కరోజుతో పోలేదు. బిందె ఎత్తితే పట్టేది, అన్నం ముందు కూర్చుంటే పట్టేది. ఊళ్లో ఆర్‌ఎంపీ సూది వేసి, బలానికని ఎర్రమందు సీసా ఇచ్చాడు. పటాన్‌చెరులో డాక్టరు రక్తం తీయించి, కాగితం చూసి “అన్నీ నార్మలే” అన్నాడు. ఆ మాట అన్నవాళ్ల పని తీరిపోతుంది, విన్నవాళ్ల కాలు ఎక్కడికి పోతుంది? ఆ పాడు కాలు కూడా తక్కువది కాదు. ఇంట్లో అంత గోల చేసి, డాక్టరు ముందు బల్ల మీద చాపితే ఏమీ ఎరగనట్టు పడుకునేది.

సంగారెడ్డి డాక్టరు తలెత్తకుండానే అడిగాడు. “మీ ఇంట్లో ఇంకెవరికైనా ఇట్లా ఉందా?”

తోడు వచ్చిన సోమమ్మే జవాబు చెప్పింది. “ఎవ్వరికి లేదు సారూ. దీనొక్కదానికే.”

“అయితే ఇది కాలి జబ్బు కాదు, మనసుది. పని చేసుకుంటుంటే అదే పోతుంది.”

ఆ రోజు నుంచి మొగులమ్మ భయం కాలి గురించి కాదు. నిజంగానే నాటకం ఆడుతున్నానేమోనని. పిక్క బిగుసుకుంటున్నదంటే నొప్పికంటే ముందు అత్త గొంతు వినిపించేది, ఇంట్లో ఎవరూ లేకపోయినా సరే. నోట్లో కొంగు కుక్కుకుని ఓర్చుకునేది. ఒక్కరు, ఒక్కరంటే ఒక్కరు తనను నమ్మితే చాలనుకునేది.

రెండువేల మూడులో సోమమ్మ కామెర్లతో చనిపోయింది. శవానికి స్నానం చేయించడం కోడలి వంతు. వాకిట్లో దుప్పట్లు అడ్డం కట్టారు. పొరుగింటి ముసలమ్మ ఎంకమ్మ చెంబుతో నీళ్లు పోస్తుంటే, మొగులమ్మ పసుపు రాస్తూ చీర మోకాళ్ల మీదికి జరిపింది. చేయి అక్కడే ఆగిపోయింది.

రెండు పిక్కల మీదా వాతలు. కొడవలి మొన ఎర్రగా కాల్చి పెట్టినవి, ఒకదాని కింద ఒకటి, ఆరేసి. సరిగ్గా తనకు గడ్డకట్టే చోటనే.

ఎంకమ్మ చెంబు కింద పెట్టింది.

“నేనే కాల్చిన బిడ్డా. నువ్వు ఈ ఇంటికి రాకముందు. పిక్కలు గుంజుతున్నయని ఒర్లుతుంటే మీ మామ నన్ను పిలిపిచ్చిండు. నలుగురు వట్టుకున్నరు.”

“తగ్గిందా?”

“యాడ తగ్గింది? తగ్గిందని చెప్పింది, మల్ల కాలుస్తమేమోనని. అప్పటిసంది కొంగు నోట్ల కుక్కుకునుడే.”

“మరి నన్నెందుకు నాటకాలన్నది అవ్వా? ఊరందరి ముందట?”

“నాటకమంటే తిట్టి ఇడుస్తరు బిడ్డా. రోగమంటే కాలుస్తరు. ‘నా కోడలికి గీ గతి రానియ్య’ అని నా చేతిల ఒట్టేసింది మీ అత్త.”

మొగులమ్మకు ముందు ఏడుపు రాలేదు, కోపం వచ్చింది. పోయిన మనిషి మీద పట్టరాని కోపం. తలుపేసుకుని ఒక్కసారి చెవిలో చెప్తే ఏం పోయేది? ఒకరి కాలు ఒకరు పిసుక్కునేవాళ్లు కదా! అప్పుడు ఏడ్చింది. ఏడుస్తూనే ఆ మచ్చల మీద, ఇప్పటికీ మండుతాయేమో అన్నట్టు, మెల్లగా పసుపు రాసింది.

పదకొండో దినం గడిచిన మర్నాడే సంగారెడ్డికి బస్సెక్కింది. అదే కుర్చీ, అదే డాక్టరు.

“మా ఇంట్ల ఇంకొకలకు ఉండె సారూ. మా అత్తకు.”

డాక్టరు రాయడం ఆపాడు. “అత్తకా? రక్తసంబంధం లేదు కదా. ఒకే ఇల్లు, ఒకే తిండి, ఒకే నీళ్లు…” అని తనలో అనుకుని, మొదటిసారి ఆమె ముఖం వైపు చూశాడు. “ఇది చూడాల్సిందే. రేపు ఆమెను వెంటబెట్టుకుని రా.”

పదకొండేళ్లుగా మొగులమ్మ ఎదురుచూసిన మాట అది. బల్ల కింద కుడి పిక్క బిగుసుకోవడం మొదలైంది. ఈసారి కొంగు అందుకోలేదు.

“నిన్ననే దినాలు చేసినం సారూ” అంది.