పాలు పొంగిన చోట ఆగిన మాట

జరగండి, ఇంకొంచెం దగ్గరికి జరిగి కూర్చోండి. చాప చిన్నది, చివర కూర్చున్నవాళ్ళకి సగం మాట గాలికే పోతుంది. ఇవాళ పొద్దున్న పొయ్యి మీద పాలు పెట్టి, వాకిట్లో కూరగాయలామెతో వంకాయల బేరంలో పడ్డాను. మాడిన పాల వాసన వాకిలి దాకా వచ్చింది. ఆ వాసనకు ఎవరైనా "అయ్యో" అంటారు. నాకు మాత్రం నవ్వొచ్చింది. గిన్నె దించి పొయ్యి తుడుస్తూ, "ఇంకా చెప్పలేదు టీచరమ్మా" అని పైకే అనేశాను. నా వెనకే లోపలికి వచ్చిన కూరగాయలామె చేతిలో వంకాయలతో నన్ను వింతగా చూసింది. ఆమెకేం తెలుసు? మీకూ తెలియదు. అందుకే చెబుతున్నాను.

మాది బాన్సువాడ. మా ముందరి గది కిరాయికి ఇచ్చేవాళ్ళం. ఒక ఏడాది బడులు తెరిచే ముందు సుజాత అనే టీచరమ్మ అందులో దిగింది. వాళ్ళది వర్ని దగ్గర క్యాంపు. కాలవ నీళ్ళను నమ్ముకుని తాతల నాడే కోస్తా నుంచి వచ్చి వరి పండించుకుంటున్న ఇల్లు. ఆమెకు ముప్ఫై దాటినా పెళ్ళి కాలేదు, దాని ఫికరూ ఆమెకు లేదు. సామాను దించిన రోజు ఒక అట్టపెట్టె ఎత్తబోయి నా నడుము పట్టేసింది.

"గంగమణి గారూ, మీరు వదిలెయ్యండి, అది నేను తెచ్చుకుంటాను."

"గారు ఏంది టీచరమ్మా? గా మాట ఇంటే ఎవరినో పిలిచినట్టున్నది. అక్కా అను, సాలు. గీ డబ్బాల ఏమున్నయ్, ఇనుప గుండ్లా?"

"ప్రేమకథలు అక్కా" అంది నవ్వుతూ. ప్రేమకథలు ఇంత బరువుంటాయని నాకు అప్పుడే తెలిసింది.

అవి జపాను దేశపు బొమ్మల పుస్తకాలు. ఇంగ్లీషులోకి మార్చి అచ్చేసినవి. హైదరాబాదులో చదువుకునేటప్పుడు ఆదివారం ఆదివారం ఫుట్‌పాత్ మీద ఏరుకొచ్చి పోగేసిందట. మేం మధ్యాహ్నాలు మా వరండాలో బీడీలు చుట్టేవాళ్ళం: నేను, పక్కింటి రజియా, ఎదురింటి సాయవ్వ. మా ఆయన లారీ మీద పోతే నెలలో సగం రోజులు రాడు, పిల్లలు లేరు, నాకు ఆ వరండాయే లోకం. టీచరమ్మ బడి నుంచి వచ్చి గడప మీద కూర్చుని పుస్తకం తెరిచేది, వెనకవైపు నుంచి.

"గీ పిల్లను టీచరంటున్నరు, బుక్కు ఉల్టా పట్టుకున్నది సూడు" అంది సాయవ్వ.

"ఉల్టా కాదవ్వా, మా ఉర్దూ లెక్క. కుడి దిక్కుకెల్లి సదువుతరు" అంది రజియా.

టీచరమ్మ ముఖం వెలిగిపోయింది. "రజియా, ఇది అర్థం కావడానికి నాకు రెండు రోజులు పట్టింది తెలుసా!" అంది. ఆ రోజు నుంచి ఆమె బొమ్మలు చూపిస్తూ తెలుగులో చెప్పడం, మేం చుడుతూ వినడం. ఆకు కత్తిరించే చేయి, తంబాకు పోసే చేయి, దారం చుట్టే చేయి ఒక్క క్షణం ఆగేవి కావు. "మీరు ఏడుస్తున్నా నవ్వుతున్నా చేతులు మాత్రం వాటి పని అవి చేసుకుంటాయేంటక్కా?" అని ఆశ్చర్యపోయేది. చేతులకు కథతో ఏం పని?

ఆ కథలో ఒక కళ్ళద్దాల పోరడు, ఒక పొడుగు జుట్టు పిల్ల. ఇద్దరూ ఒకే బడి. ఆ దేశపు ప్రేమకథల్లో పిల్ల బడికి ఆలస్యమై, నోట్లో రొట్టె ముక్క కరుచుకుని పరుగెత్తుతూ మలుపులో పోరడిని గుద్దుకోవాలట. అది ఆచారమట. ఈ కథలో పిల్ల అలాంటి కథలన్నీ చదివింది. అందుకని తెల్లవారకముందే లేచి, రొట్టె కరుచుకుని, మలుపు దగ్గర కాపు కాస్తుంది. మొదటి రోజు పోస్టుమాన్ గుద్దుకున్నాడు. రెండో రోజు కుక్క గుద్దుకుని రొట్టె పట్టుకుపోయింది. మూడో రోజు వాళ్ళ హెడ్మాస్టరు. తర్వాతి పుస్తకానికల్లా ఆ ఊళ్ళో సగం మంది ఆడపిల్లలు రొట్టెలు కరుచుకుని ఆ మలుపులో వరస కట్టారు.

"ఉరుక్కుంట తింటే పొలమారదా?" అని సాయవ్వ బాధ. "మన జొన్నరొట్టె అయితే పండ్లు సుత ఊడుతయ్."

ఇంకోసారి వాన. ఆ కథల్లో ఇద్దరూ ఒకే గొడుగు కిందికి రావాలి కదా. పిల్ల కావాలనే గొడుగు ఇంట్లో పెట్టి వచ్చింది. పోరడూ అదే ఆశతో పెట్టి వచ్చాడు. ఇద్దరూ నిండా తడిసి, చెరో దిక్కు చూస్తూ తుమ్ముతున్నారు. "దోనో ఉల్లూ, ఇద్దరికిద్దరు తిక్కలోళ్ళే" అని రజియా నెత్తి కొట్టుకుంది. మేం పడీపడీ నవ్వుతుంటే టీచరమ్మ మెల్లగా అంది: "ఈ బొమ్మలు గీసినవాడు అలాంటి కథలన్నీ చదివి చదివి అరిగించుకున్నాడక్కా. వాటి మీద ప్రేమ ఉన్నవాడే ఇట్లా ఆటపట్టించగలడు. ప్రేమ లేనివాడు వెక్కిరిస్తాడంతే." ఆ తేడా నేను ఇప్పటికీ మనుషుల్లో వెతుక్కుంటాను.

అన్నిటికంటే పెద్ద ఆట ఇంకొకటి. పోరడు ఆ పిల్లతో "నువ్వంటే నాకిష్టం" అనాలి. ప్రతి పుస్తకంలో గుండె గట్టి చేసుకుని, పిల్ల ఎదుట నిలబడి, "నేను నీకు ఒక మాట..." అంటాడు. అంతే. రైలు కూత పెడుతుంది. లేకపోతే జాతరలో పటాకులు పేలతాయి. లేకపోతే వాళ్ళమ్మ పొయ్యి మీద పెట్టిన నీళ్ళ కేటిల్ కుయ్యిమంటుంది. మాట మింగేస్తాడు. కేటిల్ అంటే మాకు తెలియక అడిగితే, టీచరమ్మ ఒక్క క్షణం ఆలోచించి, "పాలు పొంగాయి" అంది. ఇక ఆ తర్వాత రైలొచ్చినా, పటాకులు పేలినా మా వరండాలో పాలే పొంగాయి. "నేను నీకు ఒక మాట..." అని ఆమె ఆగగానే మేం ముగ్గురం ఒక్క గొంతుతో "పాలు పొంగినయ్!" అనేవాళ్ళం.

ఆ నవ్వులో ఒకసారి మా వాడకట్టు బీడీలన్నీ వదులుగా వచ్చాయి. కార్ఖానాలో బీడీలు చూసి తీసుకునే మున్షీ కట్టలు విప్పి పారేశాడు. "ఏమైంది మీకందరికి? ఒక్కతీరుగ లూజున్నయ్. మొక్కుకున్నరా ఏంది?"

"గా పోరడు ఇంక చెప్పలే సారూ" అంది సాయవ్వ, అదే కారణమన్నట్టు.

మున్షీ కోపంగానే కథంతా అడిగి తెలుసుకున్నాడు. మరుసటి వారం నుంచి తంబాకు తూచే ముందు అడిగేవాడు: "చెప్పిండా?"

"యాడ చెప్పిండు! పాలు పొంగినయ్."

మెల్లగా మా గల్లీలో పలకరింపే అదైంది. దవాఖానాలో ఎదురుపడ్డా, బస్టాండులో కనబడ్డా, "చెప్పిండా?" అనేవాళ్ళు.

శనివారం శనివారం టీచరమ్మ వర్ని పోయేది. ఒక ఆదివారం రజియా నన్ను పట్టుకుంది: "నువ్వు చెప్పరాదు గంగమణీ, నీకు అన్ని యాదికుంటయ్ కదా." నేను ఐదో తరగతి దాకా పోయినదాన్ని. తెలుగు అక్షరాలు కూడబలుక్కుంటాను, ఇంగ్లీషు నాకు చీమల బారు. కానీ విన్నది మరిచిపోను. చుడుతూ చుడుతూ మొదటి పుస్తకం నుంచి అందుకున్నాను. ఎప్పుడొచ్చిందో, టీచరమ్మ సంచీ భుజాన వేసుకునే గేటు దగ్గర నిలబడి వింటోంది. నేను సిగ్గుతో ఆపేశాను.

"ఆపకక్కా" అంది. పక్కన కూర్చుంది. "నువ్వు నాకంటే బాగా చెబుతున్నావు. ఒక్కటే. పాలు ప్రతిసారీ ఒకే చోట పొంగనివ్వకు. వీళ్ళు నోరు తెరుచుకుని కాచుకున్నప్పుడు రానివ్వకు. మరిచిపోయి వేరే సంగతిలో పడ్డాక అప్పుడు పొంగించు. నవ్వు ఆ మాటలో లేదు, వీళ్ళ ఎదురుచూపులో ఉంది."

అప్పటిదాకా నేను ఒకరి కోడలిని, ఒకరి భార్యను. ఫలానా పని నీకు బాగా వచ్చు అని, ఆ పని ఇంకా బాగా ఎట్లా చెయ్యాలో చెప్పిన మనిషి నాకు ఆమే మొదలు. బీడీలు చుట్టడం కూడా నాకెవరూ నేర్పలేదు, చూసి నేర్చుకున్నాను.

నాలుగేళ్ళు అట్లా గడిచాయి. ఒక సాయంత్రం ఆమె పుస్తకం తెరవలేదు. "ప్రమోషన్ వచ్చిందక్కా. ఆదిలాబాద్ అవతల. వద్దని రాసిస్తే ఇక్కడే ఉండొచ్చు. నాలుగు రోజుల్లో చెప్పాలి" అంది. తర్వాత చాటలోని ఆకులు సర్దుతూ, మాకు ముఖం కనబడకుండా అంది: "ఎవరైనా ఉండమంటే ఉండిపోతానేమో."

సాయవ్వ, "పెద్ద నౌకరి వద్దంటరా పిల్లా?" అని మందలించింది. నేను తల వంచుకుని ఆకు కత్తిరించాను. ఉండమని అడగడానికి నేనెవరిని? కిరాయికిచ్చిన ఇంటిదాన్ని. చదువుకున్న మనిషి ముందుకు పోతుంటే కొంగు పట్టి లాగేదాన్నా? కానీ ఆ ముందరి గదిని ఖాళీగా ఊహించుకోవడం నా వల్ల కాలేదు.

మొదటి రోజు చాయ్ ఇచ్చే వంకతో ఆమె గదిలోకి పోయి, "టీచరమ్మా" అన్నాను. నిజంగానే, ఒట్టు, లోపల పాలు పొంగాయి. ఇద్దరం నవ్వుతూ పరుగెత్తాం. రెండో రోజు రజియా చెల్లెలు పెళ్ళి కార్డు పట్టుకొచ్చింది. మూడో రోజు మాట పెదవి దాకా వస్తే, సైకిల్ మీద పోతున్న మున్షీ ఆగి, "చెప్పిండా?" అని అరిచాడు.

నాలుగో రోజు పొద్దున్న ఆమె కాగితాల ఫైలు పట్టుకుని జిల్లా ఆఫీసుకు పోయే బస్సు కోసం బయలుదేరింది. సంతకం పెట్టే రోజు అదే. ఏమని సంతకం పెడుతుందో ఎవరికీ చెప్పలేదు. మేం ముగ్గురం వరండాలో ఉన్నాం. ఆమె చెప్పులు వేసుకుంటోంది. నేను లేచి నిలబడ్డాను.

"టీచరమ్మా, నేను నీకు ఒక మాట..."

ఆ మాటలే వచ్చాయి నా నోటికి. నాలుగేళ్ళుగా అవే మాటలతో అరిగిన నోరు కదా, వేరేవి దొరకలేదు. ఆమె కళ్ళు మెరిశాయి. చేయి చెవి దగ్గర పెట్టుకుని ఒక్క క్షణం ఆగింది, మేం కాచుకున్నట్టే. తర్వాత మా యాసలోనే గట్టిగా, "పాలు పొంగినయ్!" అంది.

రజియా కళ్ళ నీళ్ళు వచ్చేలా నవ్వింది. సాయవ్వ బోసినోటితో నవ్వింది. నేనూ నవ్వాను, అందరికంటే గట్టిగా. టీచరమ్మ చెయ్యి ఊపుతూ గల్లీ మలుపు తిరిగింది. కింద చూస్తే నా ఆకు విచ్చుకుపోయి ఉంది, తంబాకు అంతా కాళ్ళ మీద రాలింది.

ఆదిలాబాద్ పోతానని సంతకం పెట్టి వచ్చింది. వారంలో గది ఖాళీ అయింది.

ఆర్నెల్లకు ఒక పార్సిల్ వచ్చింది. ఆ కథ చివరి పుస్తకం. తెరిస్తే, బొమ్మల మనుషుల మాటలు రాసే గుండ్రటి గూళ్ళలో ఇంగ్లీషు మీద తెల్ల కాగితపు ముక్కలు అంటించి, పెన్సిల్‌తో లావు లావు తెలుగు అక్షరాలు. నేను కూడబలుక్కునేలా, ప్రతి గూడు, ప్రతి పుట. ఎన్ని సాయంత్రాలు కూర్చుని రాసిందో. నేను కుడి నుంచి ఎడమకు, రోజుకు నాలుగు పుటలు చదివి వరండాలో చెప్పాను. చివరి పుటలో పోరడు పిల్ల ఎదుట నిలబడ్డాడు. రైలు లేదు. పటాకులు లేవు. నోరు తెరిచాడు. ఆ ఒక్క గూటిలో మాత్రం కాగితం అంటించి ఉంది గానీ ఏమీ రాసి లేదు. అంచున చిన్న అక్షరాలు:

"అక్కా, నువ్వు కథ చెప్పేటప్పుడు చేతులు ఆగవు. ఆ రోజు ఆగాయి. బస్సెక్కాక గుర్తొచ్చింది. అప్పుడైనా దిగి రావాల్సింది. ఈ గూడు నీది, నువ్వే రాయి."

ఆ పుట ఎవరికీ చూపించలేదు. "చెప్పిండా?" అని మున్షీతో సహా అందరూ అడిగితే, "చెప్పిండు" అన్నాను. ఏం చెప్పాడో మాత్రం వినేవాళ్ళకే వదిలేశాను. సాయవ్వ పోయేదాకా, "పోరడు దానిని అన్నం తిన్నవా అని అడిగి ఉంటడే" అనేది. టీచరమ్మ ఇప్పుడు ఆ దిక్కునే హెడ్మాస్టరమ్మ. పండగలకు ఫోన్ చేస్తుంది. ఆరోగ్యాలు మాట్లాడుకుంటాం, వానలు మాట్లాడుకుంటాం. పెట్టేసే ముందు ఇద్దరం కాసేపు ఊరుకుంటాం. ఆ ఊరుకోవడంలో ఆమె కాచుకుంటోందని నాకు తెలుసు. ఆ విద్య నాకు నేర్పిందే ఆమె కదా.

ఇవాళ పొయ్యి తుడిచాక పుస్తకం దించాను. పెన్సిల్ ముల్లు కత్తితో చెక్కాను. బీడీలు మానేసి చాలా ఏళ్ళయింది, అయినా ఆ వేళ్ళతో పెన్సిల్ పట్టుకుంటే ఆకు పట్టుకున్నట్టే ఉంటుంది. ఆ గూటిలో రాశాను: "పోవద్దు. ఇక్కడనే ఉండు." అక్షరాలు వంకరపోయాయి, గూడు నిండిపోయింది. బస్సు పోయి ఎన్నేళ్ళో అయింది, నాకూ తెలుసు. అయినా మొదలుపెట్టిన మాట ఎక్కడో ఒక చోట పూర్తి కావాలి కదా.

ఇగ లేవండి, పొద్దుపోయింది. మీ ఇల్లు చల్లగా ఉండాలి. మీ పొయ్యి మీద పాలు కొత్తింట్లో పొంగినట్టు శుభంగా పొంగాలి. అయితే మీ గడపలో ఎవరి నోటిదాకా ఏ మాట వచ్చినా, అది పూర్తయ్యేదాకా ఆగి, అప్పుడు పొంగాలి.