బోర్డు రాశాకే బస్సు

ఎనామిల్ పెయింటు డబ్బా మూత తీస్తే చాలు, భూపాలపల్లిలోని మా అద్దె ఇల్లంతా జనగామ వాసన వేస్తుంది. నా కూతురు మైత్రికి అయిదేళ్లు. పెళ్లికార్డుల అట్టతో మేమిద్దరం చేసిన బస్సుకు రంగు వేస్తోంది. రంగు బస్సుకు కొంత, గచ్చుకు కొంత, మిగిలిందంతా నా చీరకు. మెట్లెక్కి వచ్చిన ఇంటి ఓనరు సరోజనమ్మ ముక్కుకు కొంగు అడ్డం పెట్టుకుని, "ఆడపిల్లకు గీ బస్సులేంది బిడ్డా? బొమ్మరిల్లు కట్టియ్యరాదా!" అంది. నేను నవ్వుతూ గచ్చు తుడిచాను. ఈ మాటకు నా చిన్నప్పుడే ఒక మనిషి జవాబు చెప్పేసింది.

ఆమె పేరు ముంతాజ్. బస్సు కండక్టరు. నాయనకు పత్తి మార్కెట్లో హమాలీ పని దొరికి మమ్మల్ని తండా నుంచి జనగామకు తెచ్చినప్పుడు, మేం దిగిన గదికి పక్క గది ఆమెది. మా యాడీ, అంటే అమ్మ, లంబాడీలో మేం అలాగే పిలుస్తాం, ఆమెను అక్కా అంది కాబట్టి నాకు పెద్దమ్మ అయింది. పొట్టి మనిషి, ఊరంత గొంతు. డ్యూటీ దిగి ఖాకీ కోటు కొక్కేనికి తగిలించి, గడప ముందు గోనెసంచి పరుచుకుని అట్టబస్సులు చేసేది. సోడా మూతలు చక్రాలు, అగ్గిపెట్టెలు సీట్లు. అమ్మడానికి కాదు, ఎవరి మెప్పుకోసమూ కాదు. "పొద్దంత బస్సులనే ఉంటవ్, ఇంటికొచ్చినంక గూడ బస్సేనా? పిల్ల చేష్టలు గాకపోతే!" అని వాడకట్టు ఆడవాళ్లు నవ్వేవాళ్లు. "గా బస్సు సర్కారుది, గిది నాది. నడుమ మీకేం నొప్పి?" అనేది, తలెత్తకుండానే.

నేను రోజూ వెళ్లి పక్కన కూర్చునేదాన్ని. ఒకరోజు కత్తెర నా చేతికిచ్చింది. నేను ఉత్సాహంగా అట్ట మడవబోతే చెయ్యి పట్టుకుని ఆపింది. అందరూ ముందు బస్సు చేసి, చివర్లో పేరు రాస్తారు. పెద్దమ్మ దగ్గర అలా కుదరదు. అగ్గిపెట్టె అంత అట్టముక్క కోసి, తెల్లరంగు పూసి, దాని మీద ఊరి పేరు రాశాకే మిగతా పని.

"యాడికి పోవాల్నో తెల్వకుంట బస్సు కడ్తవా? చెప్పు, యాడికి?"

"హైదరాబాద్," అన్నాను.

"గాడ నీకెవరున్నరు?"

"ఎవరూ లేరు."

"మరెందుకు పోతున్నవ్? బోర్డు అబద్ధమైతే ఎక్కినోళ్లు ఆగమైతరు బేటీ."

బడిలో తండా అన్న మాట నోరు జారకుండా జాగ్రత్తపడుతున్న రోజులవి. ఒకసారి పొరపాటున యాడీ అన్నందుకు వారం పాటు ఏడిపించారు. అందుకే గొణిగాను, "మంగ్యా తండా" అని. "ఇనవడలే," అంది పెద్దమ్మ. "కండక్టరువు నువ్వు. ఎనక సీటు దాక ఇనవడాలె." రెండోసారి గట్టిగా అన్నాను. మూడోసారి వాడకట్టంతా తొంగి చూసింది. పెద్దమ్మ ఏమీ జరగనట్టు కుంచె ముంచి నాకిచ్చింది.

మంగ్యా తండా పెద్దవంగర వైపు ఉంటుంది. బస్సులు మా తండా మలుపు ముందునుంచే పోయేవి కానీ ఆగేవి కావు. స్టేజీ లేదు. మావాళ్లు ముందున్న ఊళ్లో దిగి, నెత్తిన మూటలతో వెనక్కి నడిచేవాళ్లు. ఆ నడక నాకు తెలుసు, అందుకే ఆ అట్టబస్సు మీద అంత మోజు. రంగు వేసేటప్పుడు గీత వంకర పోతే నేను ఏడుపు ముఖం పెట్టేదాన్ని. "పోనియ్. మన తొవ్వలు సక్కగున్నయా?" అనేది. నా చెయ్యి పట్టి దిద్దించడం ఏనాడూ చేయలేదు.

బడిలో మేం చేసిన వస్తువుల ప్రదర్శన రేపనగా బస్సు తీసుకెళ్లాను. సారు నా బస్సును తిప్పి తిప్పి చూసి మెచ్చుకున్నాడు, తర్వాత బోర్డు చదివాడు. "ఈ ఊరికి అసలు బస్సే లేదు కదమ్మా. హైదరాబాద్ అని మార్చుకు రా, ముందు బల్ల మీద పెడదాం," అన్నాడు. చెడ్డమనిషి కాదు. అయినా నాకు ఒళ్లు మండింది, ఏడుపూ వచ్చింది. ఇంటికి తెచ్చి పెద్దమ్మ ముందు పెట్టాను. ఆమె వెళ్లి సారుతో పోట్లాడుతుందనుకున్నాను. తెల్లరంగు డబ్బా తెరిచి, కుంచె నాకిచ్చింది. "బస్సు నీది. మారుస్తే నువ్వే మార్చు. నేను చెయ్యి వెట్ట."

కుంచె మీద రంగు ఎండి బిరుసెక్కేదాకా అలాగే కూర్చున్నాను. ముందు బల్ల మీద నా బస్సు ఉండాలని ఎంత ఆశగా ఉండేదో! చివరికి కుంచెను కిరసనాయిల్లో పడేసి, "మార్చ," అన్నాను.

"మంచిది. రేపు మీ యాడీని తీసుకొని నా బస్సెక్కు."

మర్నాడు బడి పిల్లలు ప్రదర్శన చూస్తుంటే నేను పెద్దవంగర బస్సులో ఉన్నాను. నా అట్టబస్సు డ్రైవరు ముందు, అద్దం దగ్గర, నిమ్మకాయ దండ పక్కన కూర్చుంది. మా మలుపు దగ్గర పడగానే పెద్దమ్మ తాడు లాగి గంట కొట్టింది. "మంగ్యా తండా! దిగేటోళ్లు దిగుండ్రి!"

డ్రైవరు వెనక్కి తిరిగాడు. "గీడ స్టేజీ లేదక్కా!"

"బోర్డు సూడన్నా. నీ కండ్ల ముందలనే ఉన్నది."

బస్సంతా నవ్వింది. డ్రైవరు కూడా నవ్వి బ్రేకు వేశాడు. వెనక సీట్లోంచి మా తండా ముసలమ్మ ఒకామె మూటతో లేచి, ఇది నిజమేనా అన్నట్టు మెట్టు మీద నిలబడి చూసి, దిగింది. ఆ వెనక యాడీ, నేను. నా గుండె ఎంత ఎగిరిందో ఇవాళ్టికీ గుర్తుంది. తర్వాత పైవాళ్ల చేత పెద్దమ్మకు చీవాట్లు పడ్డాయి. "పడితే పడనియ్," అంది. ఆమె ఎక్కిన బస్సు ఆ దారిలో పోయినప్పుడల్లా ఆ మలుపులో ఆగింది.

పెద్దమ్మ పోయి చాలాకాలమైంది. మైత్రి ఆమెను చూడలేదు. అయినా అట్ట మడవకముందే బోర్డు ఏమిటని అడుగుతాను. ఈసారి చాలాసేపు ఆలోచించి, ఒక అక్షరం పెద్దగా ఒకటి చిన్నగా, 'అమ్మమ్మ తండా' అని రాసింది. నేను దిద్దలేదు.

సరోజనమ్మ కళ్లద్దాలు సర్దుకుని అది చదివింది. "అమ్మమ్మ తండానా? గా పేరు మీద ఏడనన్న బస్సుంటదా పిల్లా?"

"బోర్డు సూడవ్వా, ఉన్నది," అంది మైత్రి. బస్సును రెండు చేతుల్తో ఎత్తి పట్టుకుని, మెట్ల కింద దాకా వినబడేలా అరిచింది, "అమ్మమ్మ తండా! దిగేటోళ్లు దిగుండ్రి!"

సరోజనమ్మ చెవులు మూసుకుంది. మెల్లగా అనమని నేను చెప్పలేదు. ఆ మాటను మెల్లగా అనే రోజులు మా ఇంట్లో అయిపోయాయి.