యాదగిరి పోసిన దూలం

మా మణికొండ అపార్ట్‌మెంట్ లిఫ్టులోకి చిరుత ఎక్కిందని ఊరంతా చెప్పింది నేనే. అది అబద్ధం, ఒప్పుకుంటాను. కానీ ఇది అలాంటిది కాదు. ఇందులో ప్రతి మాటా నిజం... మా అమ్మ మీద ఒట్టు.

గోపన్‌పల్లి దగ్గర కాంక్రీటు పరీక్షించే ల్యాబులో నా ఉద్యోగం. కాంక్రీటులో సన్నటి ఉక్కు పోగులు కలిపి దూలం పోస్తాం. మెషీన్ కింద పెట్టి, ఎన్నాళ్ళకు అలిసి విరుగుతుందో చూస్తాం. నొక్కడం, వదలడం. ధడ్... ధడ్... పగలూ రాత్రీ.

పోసే మేస్త్రీ యాదగిరి. అచ్చులో ఒక కొస నుంచే, ఆగకుండా పోసేవాడు.

"పారిన దిక్కే పోగులు పండుకుంటయ్ సత్తెన్నా. గట్లుంటెనే పగులును దాటి పట్టుకుంటయ్."

పోశాక తాపీ వెనకవైపుతో అచ్చును మూడుసార్లు తట్టేవాడు. అదొక అలవాటు.

ఒకరోజు మొదటి దూలం పోసి అతను అన్నానికి వెళ్తే, రెండో దూలం నేనే పోసేశాను. తొందరలో నడిమధ్య కుమ్మరించాను.

"ఎట్ల పోసినవన్నా?"

"నీలాగే! నీ ఒక్కడికే వచ్చా ఈ విద్య?"

నవ్వాడు. నమ్మాడు.

ఆ దూలం తొందరగా విరిగింది. పోగులన్నీ పగులు వెంబడే పడుకున్నాయి, దాన్ని దాటి పట్టుకున్నది ఒక్కటీ లేదు. పోసినవాడిగా కాగితంలో ఉన్నది యాదగిరి పేరు. మేనేజర్ పనిలోంచి తీసేశాడు.

"సత్తెన్నా... జర నువ్వన్న చెప్పు సార్‌కు."

నేను మేనేజర్ దగ్గరికి వెళ్ళనేలేదు.

రెండు నెలలకు మదీనాగూడలో, కిరాయి గదిలో, నిద్రలోనే పోయాడు.

తర్వాతి వారం నాకు నైట్ డ్యూటీ. మెషీన్ మీద అతను పోసిన మొదటి దూలం. ఉన్నట్టుండి కరెంటు పోయింది. ధడ్‌మనే చప్పుడు ఆగింది. చీకటి. నా ఊపిరి నాకే వినబడుతోంది...

టక్.

టక్...

టక్.

ఆగింది. మళ్ళీ మూడు. దూలం మీద చెయ్యి వేశాను. చల్లగా ఉంది. ఆ దెబ్బ లోపలి నుంచి నా వేళ్ళకు తగిలింది!

"యాదగిరీ?"

"ఫికర్ చెయ్యకు సత్తెన్నా..."

లైట్లు వచ్చాయి. దూలానికి వెంట్రుకంత పగులు. విరగలేదు.

బరువు దిగితే కాంక్రీటు అలా చప్పుడు చేస్తుందని మా ఇంజనీరమ్మ అంటుంది. కావచ్చు. కానీ మూడేసి చొప్పునా? ఏమో... నాకిప్పటికీ తెలియదు.

అమ్మ మీద ఒట్టేశాను కాబట్టి, కల్పించింది ఏదో కూడా చెప్పాలి. ఆ "ఫికర్ చెయ్యకు" నేను కలిపిందే. కరెంటు వచ్చేదాకా దూలానికి చెవి ఆనించి కూర్చున్నాను... తట్టాడు, అంతే. ఒక్క మాటా అనలేదు.