అంచు కుట్టని జెండాలు

కోవిడ్ తగ్గి శిక్షణ కేంద్రాలు మళ్లీ తెరిచిన ఏడాది, మాఘమాసంలో, నన్ను కొత్తపేట నుంచి తాటిపాక దగ్గరున్న కుట్టు షెడ్డుకు డెప్యుటేషన్ మీద పంపారు. అప్పటికి నేను అసిస్టెంట్ ట్రైనింగ్ ఆఫీసర్‌ని. మా వాడుకలో ఏటీవో. పేరులో ఆఫీసర్ ఉందని ఎవరూ మోసపోనక్కర్లేదు. కటింగూ కుట్టూ నేర్పడం, మిషన్లకు నూనె వేయించడం, సూదులు విరిచినవాళ్లను కేకలేయడం, ఇదీ ఉద్యోగం. కేకలు నేను కాస్త ఎక్కువే వేసేదాన్ని. నా దగ్గర నేర్చుకున్నవాళ్లు ఇప్పటికీ బజారులో కనబడితే ముందు జాకెట్టు అంచు సర్దుకుని, తర్వాత నమస్కారం పెడతారు.

షెడ్డు అంటే శిక్షణ అయిపోయిన ఆడవాళ్లకు పని చూపించే చోటు. బయటి నుంచి ఆర్డరు తెచ్చుకోవాలి, కుట్టాలి, వచ్చిన కూలి పంచుకోవాలి. లాక్‌డౌన్‌కు ముందు స్కూలు యూనిఫాంలు వచ్చేవి. తర్వాత అవి వేరే ఊరు పోయాయి. నన్ను పంపుతూ సూపరింటెండెంట్‌గారు దాపరికం లేకుండా చెప్పారు. వేసవి సెలవుల్లోగా ఏటా వచ్చే ఆర్డరు ఒకటి కుదరకపోతే షెడ్డు మూసేసి మిషన్లు కొత్తపేటకు తరలిస్తారట. మూయించే పనికి నేనే దొరికానా అండీ అని అడిగాను. మీరైతే గట్టిగా ఉంటారని, అన్నారాయన.

షెడ్డులో అందరికంటే మంచి చెయ్యి నాగమణిది. రెండుసార్లు కువైట్‌లో ఇంటిపనికి వెళ్లొచ్చిన మనిషి. తిరిగొచ్చాక కుట్టు నేర్చుకుంది. కూతురు ఇంటర్ చదువుతోంది. మూడోసారి వెళ్లడానికి వీసా ఉందని, వైశాఖంలోగా ఏదో ఒక మాట చెప్పమని రాజోలు ఏజెంటు ఆమె వెంట పడుతున్నాడు. నేను వెళ్లిన మొదటివారంలోనే నాగమణి ఈ సంగతి చెప్పింది.

“ఇక్కడ పనుంటే ఎందుకెళ్తానండి మేడంగారు. మొదటిసారి వెళ్లినప్పుడు పిల్ల ఏడ్చిందండి. రెండోసారి ఏడవలేదు. నాకు అదే భయమేసిందండి.”

ముందు మిషన్లో బాబిన్ కేసు తీసి దుమ్ము దులపమన్నాను.

ఫాల్గుణంలో ఒక బౌద్ధ భిక్షువు మమ్మల్ని వెతుక్కుంటూ వచ్చారు. పుట్టింది ఆలమూరు వైపు, ఉండేది ఉత్తరాన కొండ మీద ఒక ధ్యాన కేంద్రంలో. జొన్నాడలో బస్సు దిగి, అక్కడి నుంచి ఇంకో బస్సు పట్టుకుని వచ్చారు. ఆడవాళ్లు స్వామీ, స్వామీ అంటుంటే నవ్వి, భంతే అంటే చాలమ్మా అన్నారు. అది భిక్షువుల్ని పిలిచే పిలుపు. మావాళ్లు దానికీ గారు తగిలించి భంతేగారూ అన్నారు. గోదావరి నోళ్లు మరి, ఊరుకుంటాయా.

ఆయనకు కావలసినవి ప్రార్థన జెండాలు. మంచుకొండల్లో తాడుకు వరసగా కట్టి గాలికి వదిలే చిన్న గుడ్డలు. వాటి మీద అక్షరాలుంటాయి. గాలి వాటిని తాకి పోయినంత మేరా, ఆ గాలి తగిలిన ప్రతివాళ్లకూ మేలు జరగాలని కోరిక. కట్టుకున్నవాడికి మాత్రమే కాదని ఆయన ఒకటికి రెండుసార్లు చెప్పారు. రంగులు ఐదు, వరస మారకూడదు. ఆకాశానికి నీలం, గాలికి తెలుపు, నిప్పుకు ఎరుపు, నీటికి ఆకుపచ్చ, నేలకు పసుపు. అయితే అర్థం తెలియని మంత్రాలు వద్దని, బుద్ధుడు చెప్పిన సంగతులే ఇంట్లో రోజూ పనికొచ్చే తెలుగు మాటల్లో ఉండాలని ఆయన పట్టుదల. వాళ్ల కొండ మీదే కాక వీధి వసారాలో, కొట్టు గుమ్మంలో, పడవ మీద కూడా కట్టుకునేలా ఉండాలి. వైశాఖ పున్నమికి అందాలి. నచ్చితే మళ్లీ మళ్లీ మా దగ్గరే చేయిస్తామన్నారు.

సంగతి ఆయన చెప్తే మాట మావాళ్లు కూర్చారు. నీలం మీద ‘ఒక్క ఊపిరి ఆగి మాట్లాడు’. తెలుపు మీద ‘విన్నాకే తీర్పు’. ఎరుపు దగ్గర చాలాసేపు ఆగిపోయాం. కోపం గురించి ఆయన ఎంత చక్కగా చెప్పినా వాక్యం పెద్దదైపోతోంది. చివరికి నాగమణి, “‘కోపం పొయ్యిలో పెట్టు’ అంటే సరిపోద్దేమోనండి” అంది. భంతేగారు అది ఖాయం చేశారు. ఆకుపచ్చ మీద ‘ఎదుటివారికీ ఆకలుంది’. పసుపు మీద ‘ఇదీ మారుతుంది’.

ఇక పని. పల్చటి నూలు గుడ్డకు రంగులద్దించి ముక్కలు కోశాం. అక్షరాలకు స్క్రీన్ ప్రింటింగ్. చెక్క చట్రానికి సన్నటి జాలీ బిగించి, అక్షరాల చోట మాత్రం రంగు దిగేలా మిగతాదంతా మూసి, రబ్బరు పలకతో రంగు లాగుతారు. మామూలు వరస ఏమిటంటే ముందు అచ్చు, తర్వాత ఒక నమూనా కుట్టి ఆర్డరు ఇచ్చినవాళ్లకు చూపించడం, వాళ్లు సరేనన్నాక మొత్తం కుట్టు. ఇన్నేళ్ల సర్వీసులో నేను ఆ వరస తప్పలేదు.

ఇక్కడ తప్పాల్సి వచ్చింది. మావి తొక్కుడు మిషన్లు. జెండాల తాడు పొడుగు, కుట్టినకొద్దీ జారి పాదాల దగ్గర కుప్ప పడుతుంది. అచ్చువేసిన మొదటి ముక్కలు ఇవ్వగానే అందరూ చేతులు ఒళ్లో పెట్టుకుని కూర్చున్నారు. “అక్షరాలు కాళ్లకి తగుల్తాయండి మేడంగారు,” అంది నాగమణి. “బుద్ధుడి మాటలాయె.” నాకు నోటిదాకా వచ్చింది కేక. కానీ ఆ పొద్దున్నే హాజరు పట్టీకి కాలు తగిలితే కళ్లకద్దుకున్నదాన్ని, వాళ్లనేం అంటాను? వరస తిప్పేద్దాం అన్నాను. ముందు ఉత్త గుడ్డను తాడుగా పనిచేసే పట్టీకి కుట్టేయడం, అచ్చు చివర. పట్టీ మందానికి స్క్రీను ఎత్తుగా కూర్చుని మొదట్లో రంగు పాకింది. పట్టీని బల్ల అంచు నుంచి కిందికి వేలాడేలా జరిపితే అదీ కుదిరింది. అయితే వరస తిరగడంతో నమూనా చూపించే మజిలీ ఒకటి మధ్యలో లేకుండా పోయింది. అది అప్పుడు ఎవరికీ తట్టలేదు.

చైత్రంలో పరీక్షల డ్యూటీకి నన్ను కొత్తపేట పిలిపించారు. తిరిగొచ్చేసరికి కుట్టూ అచ్చూ మొత్తం పూర్తి. అంతేకాదు, ప్రతి జెండాకూ మూడు వైపులా సన్నగా రెండు మడతలు మడిచి అంచు కుట్టేశారు. ఎవరూ చెప్పలేదు. మా చదువులో పోగు బయటికి కనబడితే మార్కుల్లేవు. వాళ్లు నేర్చుకున్నదే చేశారు, నేర్పినదాని కంటే బాగా చేశారు. తిరగేసి చూశాను, తిట్టడానికి ఏమీ దొరకలేదు. నా సర్వీసులో అది అరుదు. చాలా సంతోషమేసి అందరికీ పూతరేకులు తెప్పించాను.

మర్నాడు భంతేగారు వచ్చారు. ఒక తాడు ఎత్తి పట్టుకుని రంగుల వరస చూశారు, అక్షరాలు చదివారు, ముఖం విప్పారింది. తర్వాత వేలితో అంచు తడిమి ఆగిపోయారు.

“అంచు కుట్టేశారా తల్లీ?”

“ఆయ్, గట్టిగానే కుట్టేమండి. తుఫానొచ్చినా పోగు ఊడదండి,” అంది నాగమణి.

ఆయన తాడును జాగ్రత్తగా బల్ల మీద పెట్టి, నెమ్మదిగా విషయం చెప్పారు. ప్రార్థన జెండాకు అంచు కుట్టరు. గాలికి పోగు పోగూ విడిపోవాలి, ఎండకు రంగు వెలిసిపోవాలి. గుడ్డ అలా కరిగిపోవడమే ప్రార్థన జరగడం. నేల మీద పడనివ్వరు. పాతది బాగా అరిగాక గౌరవంగా కాల్చి కొత్తది కడతారు. ‘ఇదీ మారుతుంది’ అని రాసి మారకుండా బిగించకూడదు కదమ్మా అన్నారు. ఈ సంగతి ముందే చెప్పాలని ఆయనకు తోచలేదు. ఆయన లోకంలో అది చంటిపిల్లలకూ తెలుసు. అడగాలని మాకు తోచలేదు. మా లోకంలో అంచు లేని గుడ్డే ఉండదు.

ఆయన కోప్పడలేదు. తీసుకెళ్తాను, మీ కష్టానికి లోటు రానివ్వను అన్నారు. కానీ ఇవి లోపల గోడలకు కట్టుకోవాలే తప్ప కొండ మీదికి పనికిరావని, కొండ మీదికి వేరేచోట చూసుకోవాలని కూడా చెప్పారు. వేరేచోట అన్న మాట వినగానే నాగమణి నా వైపు చూసింది. ఏటా వచ్చే ఆర్డరు పోతే షెడ్డు లేదు, షెడ్డు లేకపోతే ఏజెంటు ఉన్నాడు.

“చిరిగిపోయేది చేసిమ్మంటే చేతులు రావండి,” అంది నాగమణి. “అక్కడ అయిదేళ్లు ఊరికే చాకిరీ చేసేనండి, నాదంటూ ఒక్క వస్తువు మిగల్లేదు. ఇదన్నా నిలబడాలని కుట్టేనండి.” అంతలో తనే కళ్లు తుడుచుకుని, విప్పేస్తే పనికొస్తాయా అండీ అని అడిగింది. పనికొస్తాయన్నారు భంతేగారు. పున్నమికి ముందు వచ్చి తీసుకెళ్లమని ఆమే చెప్పేసింది, నన్ను అడగనైనా లేదు.

పల్చటి గుడ్డ మీద కుట్టు విప్పడం కుట్టడం కంటే కష్టం. తొందరపడి లాగితే గుడ్డే వస్తుంది. ఒకవైపు నాలుగైదు కుట్లకు ఒకటి చొప్పున తెంపుకుంటూ పోయి, రెండోవైపు దారం కొస పట్టి మెల్లగా లాగితే వరసంతా ఒకేసారి ఊడి వస్తుంది. నేను కూడా కళ్లజోడు పెట్టుకుని కూర్చున్నాను. కాళ్లకు తగలకుండా అందరం బల్లల మీదే పెట్టుకుని విప్పాం. సంగతి తెలిసి సూపరింటెండెంట్‌గారు ఫోన్ చేశారు. ఇన్నాళ్లూ కుట్టు నేర్పారు, షెడ్డు మూసేముందు ఊడదీయడం కూడా నేర్పుతున్నారా మేడమ్ అన్నారు. సిలబస్ మారిందండీ అని పెట్టేశాను.

విప్పినచోట మడత గీతా సూది బెజ్జాలూ మిగిలాయి. అవి చూసి భంతేగారు ఏమంటారోనని పున్నమి ముందు రోజు దాకా మాకు గుబులే. షెడ్డు వెనక కొబ్బరిచెట్ల మధ్య ఒక తాడు ఎత్తుగా కట్టి చూపించాం. ఏటిగాలి బాగా వీస్తోంది. ఆయన కింద నిలబడి చాలాసేపు చూశారు. ఎర్ర జెండా కొస నుంచి పోగు ఒకటి అప్పుడే వదులై ఆడుతోంది. బెజ్జాల సంగతి నేనే ఎత్తాను. “ఉండనివ్వండమ్మా. విడిపోవడానికి దారి చూపిస్తున్నాయి,” అన్నారు.

“ఇవి ఎన్నాళ్లుంటాయండి?” అంది నాగమణి.

కొండగాలికి ఏడాది ఉంటే గొప్ప, మళ్లీ వైశాఖానికి అన్నీ కొత్తవి కావాలి అన్నారాయన. నాగమణి ఒక్క క్షణం ఆలోచించింది. తర్వాత నోటికి కొంగు అడ్డం పెట్టుకుని నవ్వడం మొదలెట్టింది.

“అయితే అంచు కుట్టుంటే ఈ ఒక్కసారితో సరేనండి. చిరిగిపోతేనే మాకు పనండి.”

భంతేగారు కూడా నవ్వేశారు. అంత పెద్దగా నవ్వుతారని నేననుకోలేదు. ఆ సాయంత్రమే నాగమణి ఏజెంటుకు ఫోన్ చేసి రానని చెప్పింది.

షెడ్డు మూయలేదు. ఆ తర్వాత ప్రతి వైశాఖానికీ జెండాలు అక్కడి నుంచే వెళ్తున్నాయి. వాటిని చూసి వేరే ఊళ్లవాళ్లూ అడుగుతున్నారు. నేను రిటైరయ్యాక మొన్న ఒకసారి వెళ్లాను. నాగమణి కూతురు డిగ్రీకి అమలాపురం వెళ్లొస్తూ, ఖాళీ ఉన్నప్పుడు తల్లి పక్కన కూర్చుని అచ్చు వేస్తోంది. గుమ్మంలో ఎవరో పెళ్లిపందిరి తెరల కోసం వచ్చారు. నాగమణి టేపు తీయలేదు. ఇవి ఎన్నాళ్లుండాలండి, అని ముందు అడిగింది.

ఉద్యోగమంతా నేను పిల్లలకు మొదటి పాఠం కొలత తీసుకోవడం అనే చెప్పాను. అది రెండో పాఠం. మొదటిది నాగమణి అడిగిన ఆ ప్రశ్న. ఆ షెడ్డుకు నన్ను పంపినందుకు శాఖకు నేను రుణపడి ఉన్నాను, మూయించడానికే పంపినా సరే.