ఆడవాళ్ల వైపు ఫోటోలు

రాష్ట్రం విడిపోయిన మూడో ఏడు. ప్రొద్దుటూరులో ఒక ఫోటో స్టూడియోలో పనిచేస్తున్నాను. ముస్లిముల పెళ్లిళ్లకు ఇద్దరం వెళ్లేవాళ్లం, మగవాళ్ల వైపు మా ఓనరు, ఆడవాళ్ల వైపు నేను. ఆ ఫోటోలు మగవాళ్ల కంట పడకూడదని నేనే కంప్యూటర్‌లోకి ఎక్కించి, పులివెందులలో ఆల్బమ్ డిజైన్ చేసే సుజాతకు పంపేదాన్ని.

మౌస్‌తో లాగుతూ కూర్చోవడం నాకు చిరాకు. నల్ల తెర మీద కమాండ్ టైపు చేస్తే పనైపోతుంది. ఉన్నచోట కాపీకి cp, వేరే ఊరి కంప్యూటర్‌కు rsync. రెండోది రెండు వైపులా పోల్చి, తేడా ఉన్నవాటినే పంపుతుంది.

ఒకసారి ఖాసింబీ అనే ఆమె కూతురి పెళ్లి. ఆమె భర్తకు కువైట్‌లో సెలవు దొరకలేదు. బిడ్డకు నల్లపూసలు కట్టేటప్పటి ఫోటో ఒక్కటి చూపిస్తే చాలన్నాడట. నా కెమెరా మెమరీ కార్డులోని ఆడవాళ్ల ఫోటోలు ఎక్కించి సుజాతకు పంపాను. మర్నాడు మగవాళ్ల కార్డును కూడా అదే ఫోల్డర్‌లోకి కాపీ చేసి, కార్డులు రెండూ ఫార్మాట్ చేసి, అంటే ఖాళీ చేసి, మైలవరం పెళ్లికి ఇచ్చేశాను. ఇవి కూడా సుజాతకు పంపడానికి మళ్లీ rsync టైపు చేశాను. ఎంటర్ నొక్కబోతుంటే ఖాసింబీ వచ్చింది. దుపట్టా జారిన ఫోటోలేమైనా ఉంటే తీసేయించాలట.

ఫోల్డర్ తెరిచాను. అన్నీ టోపీలే, గడ్డాలే.

"మా ఆడోళ్లు యాడుండారు పాపా?"

రెండు కెమెరాలూ ఒకే మోడల్, రెండూ ఒకటో నంబరు నుంచే పేర్లు పెడతాయి. cp ఎవరినీ ఏమీ అడగదు, అదే పేరున్నదాని మీద కొత్తది రాసేస్తుంది. మగవాళ్ల ఫోటోలే ఎక్కువ కాబట్టి ఆడవాళ్లవి ఒక్కటీ మిగల్లేదు. ఆ ఎంటర్ నొక్కి ఉంటే, పేరు ఒకటే అయినా ఫోటో వేరు కాబట్టి, rsync పులివెందులలో ఉన్నవాటి మీదా మగవాళ్లవే రాసేసేది.

అబద్ధం చెబుదామనిపించింది. ఆమె మొహం చూశాక నోరు రాలేదు. జరిగింది జరిగినట్టు చెప్పాను.

"కాపీ అంటే ఇంకోటి చేసేదనుకుంటి," అంది ఆమె. "ఉండేది పోగొట్టేది కూడానా?"

నాలుగు తిట్టినా బాగుండేది.

ఆ ఫోల్డర్ ముట్టుకోవద్దని సుజాతకు ఫోన్ చేశాను. కమాండ్ తిప్పి రాశాను, అక్కడి నుంచి ఇక్కడికి, వేరే కొత్త ఫోల్డర్‌లోకి. ఖాసింబీ నా పక్కనే కుర్చీ వేసుకుని కూర్చుంది. నల్లపూసల ఫోటో రాగానే తన సెల్లులోకి వేయించుకుని, అక్కడికక్కడే కువైట్‌కు పంపింది. మిగతావి వచ్చేదాకా కూడా కదల్లేదు. నా మీద నమ్మకం పోయింది మరి.

ఇప్పుడు ప్రతి పెళ్లికీ రెండు ఫోల్డర్లు. cp పక్కన -i తప్పదు, అది ఉంటే పాతదాని మీద రాసే ముందు అడుగుతుంది. అయినా కార్డు ఫార్మాట్ చేసే ముందు పెళ్లింటి ఆడవాళ్లను పిలిచి చూపిస్తాను. ఎన్ని ఫోటోలున్నాయో కంప్యూటర్ చెబుతుంది. ఎవరు లేరో వాళ్లే చెప్పాలి.