మా వాడు పిలిచిన పిలుపు

మా వాడికి రెండేళ్లు దాటినా ఒక్క మాట రాలేదు. అమ్మ అనడు, అవ్వ అనడు, ఆకలి అనడు. కోస్గి దగ్గర మా ఊళ్లో చిన్న పిల్లలకు అక్షరాలు నేర్పే పంతులమ్మను నేనే. ఇక ఊరు ఊరుకుంటుందా? “ఊరి పోరగాండ్లందరికి మాటలు నేర్పి, సొంత కొడుక్కు జరంత మిగుల్చుకోలేదేందమ్మా” అని బావి దగ్గర ఒకామె అననే అంది. నవ్వుతూనే అందిగానీ, ఆ రోజు నేను బిందె సగమే నింపుకుని ఇంటికొచ్చేశాను.

అవి అరవైల మొదటి రోజులు. అంతకు ముందు పాలమూరులో టీచర్ ట్రైనింగు చేశాను. అక్కడ ఒక మేడం మాకు పసిపిల్లల మనసు గురించి పాఠం చెప్పేది. పిల్లలు ఊరికే ఆడుకోరట, ప్రతిదాన్నీ పరీక్ష చేసి చూస్తారట. గిన్నె కింద పడేసేది అల్లరి కాదట, పడేస్తే ఏమవుతుందో కనుక్కోవడమట. ఏడాది నిండేసరికి ఒకటో రెండో మాటలు రావాలట, రెండేళ్లకు మాటకు మాట కలపాలట. ఆ పాఠంలో నాకు మంచి మార్కులు వచ్చాయి. పరాయి పిల్లల సంగతైతే గడగడా అప్పజెప్పేదాన్ని. సొంత పిల్లవాడి దగ్గరికి వచ్చేసరికి ఆ చదువంతా భయమై కూర్చుంది. వీడు మూగవాడేమో అనే మాట నోటితో అనలేదుగానీ, లోపల అదొక్కటే తిరిగేది.

సరే, మేడం చెప్పిన పరీక్షలు మొదలుపెట్టాను. వాడి వెనక ఇత్తడి పళ్లెం ధడాలున పడేశాను. వాడు ఉలిక్కిపడి తిరిగి చూశాడు. వంటింట్లోంచి మా అత్త కూడా తిరిగి చూసింది.

“గా పల్లెం మీ తల్లిగారోళ్లు వెట్టిందేనా, గట్ల ఎత్తి పడేస్తున్నవ్?” అంది.

తరవాత బెల్లం ముక్కను గిన్నె కింద దాచాను. గిన్నె ఎత్తి తిన్నాడు. గొంగడి కింద దాచాను. గొంగడి లాగి తిన్నాడు. నా కొంగున ముడి వేసుకున్నాను. మరునాడు పొద్దున్నే వచ్చి నా కొంగు తడిమాడు. తెలివికి కొదవ లేదు, చెవులకు ఢోకా లేదు. దవాఖానలో డాక్టరు కూడా వాడి నోరు తెరిపించి చూసి, అంతా బాగుంది, ఓపిక పట్టమన్నాడు. ఆ ఓపిక ఏ దుకాణంలో దొరుకుతుందో మాత్రం చెప్పలేదు.

మా అత్తది వేరే వైద్యం. చిలుక కొరికిన జాంపండు తినిపిస్తే పిల్లలకు మాటలు వస్తాయని మా దిక్కు నమ్మకం. చెట్టున పండిన పండు చాలదు, దాన్ని చిలుక సగం తిని వదిలేయాలి. “చిలుక ఎంగిలి వీడెట్ల తింటడు అత్తా?” అన్నాను. “నువ్వు దాపెట్టిన బెల్లం తింటలేడా? గదీ గంతే” అంది. అలా ఒకనాడు పొద్దున్నే మూడూళ్ల అవతలి తోటకు ప్రయాణం కట్టింది.

అంటే ఆ రోజు పిల్లవాణ్ని చూసుకునేవాళ్లు లేరు. వాళ్ల నాయిన షాద్‌నగర్‌లో గోదాము పని చేస్తూ, వీలైనప్పుడు వచ్చేవాడు. మా మామ గొర్రెల మందతో మేతకు పోవాలి. రోజూ అయితే మా వాడు అత్త కళ్ల ముందు గొర్రెపిల్లల దొడ్డిలో ఆడుకునేవాడు. పాలు తాగే గొర్రెపిల్లలను మేతకు తోలుకుపోరు. ఇంటి ముందు కంపతో కట్టిన చిన్న దొడ్డిలో ఉంచుతారు. పొద్దుగూకి మంద తిరిగొచ్చాక మామ తడిక తీసి, నాలుకతో అంగిట్లో టక్కుమనిపించి, పెదవులు వణికిస్తూ ఒక పిలుపు పిలిచేవాడు. తల్లి గొర్రెలన్నీ అరుచుకుంటూ ఉరికొచ్చి ఎవరి పిల్లను వాళ్లు వెతుక్కునేవి. పెళ్లయి ఆ ఇంటికి వచ్చినప్పటి నుంచి ఆ పిలుపు వింటున్నాను. వినీ వినీ వినడమే మానేశాను.

వాణ్ని చంకనేసుకుని బడికి పోయాను. మా బడి అంటే చావడి వసారా. వాణ్ని వెనక వరసలో కూర్చోబెట్టి, నల్లబల్ల వైపు తిరిగి ఎక్కం రాస్తున్నాను. ఎందుకో సుద్దముక్క కింద పెట్టి వాడి దగ్గరికి నడిచాను. నేను వాడి దగ్గరికి చేరానో లేదో, బాట మీద పోతున్న మా మంద గిర్రున తిరిగి బడిలోకి వచ్చిపడింది!

పిల్లలు పలకలు వదిలేసి కేకలు. గొర్రెలు పిల్లల సంచుల్లో తలలు పెట్టి వాసన చూడటం. ఒక గొర్రె నా సుద్దముక్కను కరకరా నమిలి, నా వైపు చూసి తుమ్మింది. ఆ ఆనందం మా బడి పిల్లలకు నా పాఠాల్లో ఏనాడూ దొరకలేదు, ఇప్పుడు ఒప్పుకోవడానికి నాకు నామోషీ లేదు. మామ కర్రతో ఉరికొచ్చాడు.

“మామా, గివి బడిలకెందుకు వచ్చినయి?”

“పిలిస్తే రావా బిడ్డా? నీ కొడుకే పిలిచిండు.”

“వీడు పిలుసుడేంది?”

“మందొచ్చినప్పుడు పిలుస్తం గదా, గదే పిలుపు. నడక రాకముందు సంది గిట్లనే పిలుస్తుండు.”

“మరి నాకొక్కనాడన్న చెప్పకపోతివి!”

మామ నన్ను వింతగా చూశాడు. “గొర్లను పిలిచేది గూడ మాటేనా బిడ్డా?” అని మందను తోలుకుపోయాడు.

మధ్యాహ్నమంతా తిక్కదానిలా అదే ఆలోచన. వాడు బడిలో గొర్రెలను ఎందుకు పిలిచాడు? వాడు కూర్చున్న చోటి నుంచి బాట కనపడనే కనపడదు. కనపడేది నల్లబల్ల, దాని ముందు నా వీపు. గొర్రెలు రాకముందే సుద్దముక్క పెట్టేసి వాడి దగ్గరికి పోయింది ఎవరు?

సాయంత్రం ఇంటికి రాగానే వాడు దొడ్డిలోకి పరుగెత్తి గొర్రెపిల్లల మధ్య కూర్చున్నాడు. నేను కావాలనే వాకిట్లో అటు తిరిగి నిలబడ్డాను. టక్కుమన్న చప్పుడు, ఆ వెంటనే పెదవుల వణుకు. నా కాళ్లు వాటంతటవే కదిలాయి. రోజూ ఇలాగే పోతున్నాను. పొయ్యి మీద పాలు వదిలి పోయాను, మాట్లాడుతున్న మనిషిని వదిలి పోయాను, ఎందుకు పోతున్నానో ఒక్కసారీ నన్ను నేను అడగలేదు. పొద్దున పోయి పొద్దుగూకి వచ్చేవాళ్లు తల్లులు. దొడ్డిలో ఉండేవాళ్లు పిల్లలు. ఈ పిలుపు పిలిస్తే తల్లి వస్తుంది. వాడు తేల్చుకున్న లెక్క అది. పరీక్ష చేసిన ప్రతిసారీ నేను వచ్చాను కూడా!

వాడు నన్ను పిలుస్తూనే ఉన్నాడు. నా కొడుకు మూగవాడు కాదు. కంప ముళ్లు చీరకు తగులుకుంటున్నా దొడ్డిలో కూలబడ్డాను, కళ్ల నీళ్లు ఆగలేదు. పంతులమ్మనన్న సిగ్గు వదిలేసి, గొంతెత్తి “మ్మే” అన్నాను.

వాడు విరగబడి నవ్వి మళ్లీ పిలిచాడు. నేను మళ్లీ “మ్మే” అన్నాను. తల ఎత్తి చూస్తే తడిక దగ్గర అత్త, కాళ్ల నిండా దుమ్ము, చేతిలో సగం కొరికిన జాంపండు.

“అయ్యో, పిల్లగానికి మాటలు రావాలని నేను గంత దూరం నడిచొస్తే,” అంది, “తల్లికున్నయి గూడ పాయెనా!”