చూడకుండా రాసిన పంచనామా

మూడేళ్ల కిందట, మామిడి కోతలు ముమ్మరంగా సాగుతున్న రోజులు. నూజివీడు చుట్టుపక్కల ఓ స్టేషన్‌లో ఎస్సైగా ఉన్నాను. చాట్రాయి వైపు తోటలో కూలీ చనిపోయాడని పొద్దున్నే ఫోనొచ్చింది. నేను బూట్లు వేసుకునేలోపే, స్టేషన్ రాతపని చూసే మా రైటర్ పంచనామా రాసి బల్ల మీద పెట్టేశాడు. పంచనామా అంటే, సాక్షుల ఎదుట శవాన్ని చూసి చూసింది చూసినట్టు రాయాల్సిన కాగితం.

"వెళ్లకుండానే ఎలా రాశావయ్యా?"

"తోట ఆసామి ఫోన్లో అంతా చెప్పారు సార్. తాగి చెట్టెక్కి, కాయలు కోస్తూ జారిపడ్డాడంట. మీరు సంతకం పెడితే చాలు."

ఆ 'చాలు' అన్న మాటకి ఒళ్లు మండింది. కాగితం జేబులో పెట్టుకుని జీపెక్కాను.

చనిపోయినవాడి పేరు వెంకన్న. భార్య నాగమణి నన్ను చూడగానే లేచొచ్చింది.

"మా ఆయన మందు ముట్టడండీ. తెల్లారకముందే పనికని వచ్చాడు. తాగి పడ్డాడని రాస్తే నా పిల్లలు ఊళ్లో ఎలా తలెత్తుకుంటారు సార్?"

కాగితంలో రెండు చేతులకూ మామిడి సొన అంటి ఉందని రాసుంది. కాయ కోసినవాడికి సొన అంటక మానదు కదా, మావాడు అలవాటుగా రాసేశాడు. వెంకన్న అరచేతులు తిప్పి చూశాను. చుక్క లేదు. అతను కాయ ముట్టనేలేదు. ప్యాంటు పైకి లాగితే మోకాలి కింద గీత గీసినట్టు కాలిన మచ్చ. గట్టు మీద అప్పుడే కర్రలు పీకేసిన గుంతలు వరసగా ఉన్నాయి. అడవిపందుల కోసం కట్టిన కరెంటు తీగ. మనిషి పోయాక, ముందు తీగ దాచి, తర్వాత మాకు ఫోన్ చేశారు దుర్మార్గులు!

ఆసామి కుర్చీ వేయించి, బోండం కొట్టించాడు. "మనం మనం మాట్లాడుకుందామండీ. మీ పై వాళ్లకీ చెప్పించాను." అన్నట్టే పై ఆఫీసర్ ఫోన్ చేశారు.

"పంచనామా రాసేసుందంటగా, ఎందుకయ్యా సాగదీస్తావ్?"

"అందులో రాసిందంతా అబద్ధం సార్. ఆ కాగితం కూడా కేసులో పెడుతున్నాను."

నాగమణి ఎదుటే పంచనామా మళ్లీ రాయించాను. కరెంటు షాకేనని పోస్టుమార్టంలో తేలింది. ఆసామిని అరెస్టు చేశాను. నెల తిరక్కుండా నన్ను వీఆర్‌లో పెట్టారు. అంటే పోస్టింగ్ లేకుండా కూర్చోబెట్టడం. సిగ్గూ శరం లేని డిపార్ట్‌మెంటని తిట్టుకుంటూ, ఛార్జి అప్పగించడానికి పాత ఫైళ్లు తిరగేశాను.

అంతకుముందు సీజన్‌లో ఇంకో కూలీ, ఇంకో తోట. చెట్టు మీంచి జారిపడి మృతి. కింద సంతకం నాదే. ఆ రోజు బందోబస్తు హడావుడిలో పడి నేను తోటకే వెళ్లలేదు.

అందరినీ తిట్టినవాణ్ని, ఓ తెల్లకాగితం తీసుకున్నాను. ఆ ఫైలు తిరిగి తెరవమని, చూడకుండా సంతకం పెట్టింది నేనేనని రాసిచ్చాను. ఆ కూలీకీ ఒక భార్య ఉంది, పేరు ఫైల్లోనే ఉంది. ఆమెను నేను ఒక్క మాట కూడా అడగలేదు.